పత్తి బండిలో పాటల వైరు

ఆ ఏడాది దీపావళి వెళ్లిన తరువాత మా ఉస్తాద్ నన్ను ఆదిలాబాద్‌కు పంపాడు. పత్తి సీజన్ అయిపోయే వరకు అక్కడి బల్ల నేనే చూసుకోవాలి. అప్పటికి నేను కరీంనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చాలా ఏళ్ల నుంచి చేస్తున్నాను. బండ్ల వైరింగు, సెల్ఫు మోటార్లు, డైనమోలు, లైట్లు, హారన్లు మా పని. తరువాతి కాలంలో పాటల సెట్లు కూడా వచ్చి చేరాయి. ఇప్పుడు పని మానేశాను. సన్న వైరు కొస కనబడటం లేదు. మా పనిలో జరిగింది ఏదైనా ఒకటి రాయమని తెలిసినవాళ్లు అడిగారు. నేను హుజూరాబాద్ దగ్గర మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. రాయడం ఇదే మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆదిలాబాద్ నుంచి మొదలుపెడుతున్నాను.

మా పనిలో నాలుగు మెట్లుంటాయి. మొదట హెల్పర్. తరువాత హాఫ్ మిస్త్రీ. తరువాత మిస్త్రీ. షాపు ఎవరిదైతే వాళ్లు ఉస్తాద్. నేను మిస్త్రీని. సీజన్‌లో మిస్త్రీని ఒక్కణ్ణే ఆదిలాబాద్ పంపేవాళ్లు. పత్తి మార్కెట్ గేటుకు కొంచెం దూరంలో, రోడ్డు పక్కన రేకుల పందిరి ఉండేది. దాని కింద ఒక బల్ల, బ్యాటరీ చార్జర్, సామాన్ల పెట్టె. దాన్నే మేము బల్ల అనేవాళ్లం.

అక్కడ మాకు పని ఎందుకు దొరుకుతుందంటే, పత్తి బండ్లు లైనులో నిలబడతాయి. ట్రాక్టర్లు, పికప్‌లు, డీసీఎంలు, పెన్‌గంగ నది అవతలి నుంచి వచ్చే మరాఠీ వాళ్ల బండ్లు. పొద్దున నిలబడితే సాయంత్రానికి కూడా గేటు లోపలికి పోతామన్న నమ్మకం లేదు. డ్రైవర్లు ఇంజను ఆపి పాటలు పెట్టుకుంటారు. ఇంజను ఆగి ఉంటే డైనమో తిరగదు, బ్యాటరీ నిండదు. లైను కదిలే సమయానికి సెల్ఫు కొడితే కటకట అని ఊరుకుంటుంది. వెనక బండివాడు ఆగడు. పక్కనుంచి ముందుకు పోతాడు. అప్పుడు డ్రైవర్ మా బల్ల దగ్గరికి ఉరుకుతాడు.

మా ఉస్తాద్ రెండు మాటలు చెప్పి పంపాడు. బల్ల వదిలి పోవద్దు. పిలవని బండి మీద చెయ్యి పెట్టవద్దు. రెండూ మంచి మాటలే.

ఆదిలాబాద్‌లో నాకు మొదటి నుంచీ మనసు కుదురుగా లేదు. ఊరు మంచిదే, మనుషులు మంచివాళ్లే. కానీ గాలిలో ఎటు చూసినా పత్తి పోగులు. బల్ల మీద, చార్జర్ మీద, నా భుజాల మీద కూడా పడేవి. నా పనేమో నిప్పురవ్వలతో పని. బ్యాటరీ మొగురు, అంటే టెర్మినల్, బిగిస్తే రవ్వ లేస్తుంది. వైరు అతికే సోల్డరింగ్ కడ్డీ ఎప్పుడూ కాలుతూ ఉంటుంది. నేను గంటకోసారి బల్ల ఊడ్చేవాణ్ణి. పక్కన టీ బండి దగ్గర ఒక హమాలీ నన్ను చూసి నవ్వేవాడు. ఒక రోజు ఆయనే చెప్పాడు, పత్తిలో పడ్డ నిప్పు మంటగా లేవదట, లోపల లోపలే తింటూ పోతుందట, బయటికి కనబడేసరికి బండి సగం పోయి ఉంటుందట. ఆ మాట విన్నాక ఇంకా ఎక్కువ ఊడ్చాను.

ఇలా ఉండగా ఒక శనివారం పొద్దున ఒక పికప్ వచ్చి సరిగ్గా నా బల్ల ఎదురుగా లైనులో ఆగింది. ఆదివారం మార్కెట్ బంద్ కాబట్టి ఆ రోజు లైను పెద్దగా ఉంది. పికప్ డ్రైవర్ పేరు పోచన్న. దుబాయ్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చి సొంతంగా బండి కొనుక్కున్నాడు. ఊరు పెన్‌గంగ ఒడ్డునే. బండి నిండా పత్తి. దాని మీద ఒక పెద్దామె కూర్చుని ఉంది. పత్తి ఆమెదే. పేరు లచ్చవ్వ. పోచన్న ఊరే. భర్త లేడు. చేను తానే చేసుకుంటుంది. ఆ ఏడు ఏరిన పత్తి అంతా ఆ బండిలోనే ఉందని తరువాత తెలిసింది. పత్తి బండి మీద పత్తి యజమాని కూర్చుని రావడం అక్కడ మామూలు. దారిలో ఎవరూ పిడికెడు లాగకుండా, లోడు జారకుండా చూసుకుంటారు.

పోచన్న దిగి వచ్చి, పాటల పెట్టె గొంతు మాటిమాటికి పోతోందని చెప్పాడు. సెట్టు మీద అంకెలు వెలుగుతూనే ఉంటాయట, శబ్దం మాత్రం రాదట.

ఇక్కడ కొంచెం చెప్పాలి. బండితో వచ్చే మామూలు సెట్టుకు తక్కువ కరెంటు చాలు, తాళం చావి దగ్గరి సన్న వైరుతో నడుస్తుంది. కొందరికి ఆ శబ్దం సరిపోదు. ఆంప్లిఫయర్, పెద్ద బాక్సు పెట్టించుకుంటారు. ఆంప్లిఫయర్ కరెంటు బాగా తాగుతుంది. దానికి బ్యాటరీ ప్లస్ నుంచి వేరేగా లావు ఎర్ర వైరు లాగాలి. ఆ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఒక ఫ్యూజు పెట్టాలి. నల్ల వైరు దగ్గరలోనే బండి ఇనుముకు బిగిస్తే చాలు. బండి ఇనుమంతా బ్యాటరీ మైనస్‌తో కలిసే ఉంటుంది. అందుకే ఎర్ర వైరు తోలు ఊడి ఎక్కడైనా ఇనుముకు తాకిందంటే బ్యాటరీలో ఉన్న బలమంతా అక్కడ ఒక్క చోట దిగుతుంది. అప్పుడు ఫ్యూజు తెగి కరెంటును ఆపాలి.

పోచన్న పికప్‌కు సింగిల్ క్యాబిన్. సీటు వెనక చోటు లేదు. అందుకని ఆంప్లిఫయర్, బాక్సు రెండింటినీ ఒక రేకు డబ్బాలో పెట్టి, క్యాబిన్‌కు లోడు బాడీకి మధ్యన ఉన్న సందులో బయట బిగించారు. బయట ఉంటే ఊరికి కూడా వినబడుతుందని పోచన్న కోరికట. ఎర్ర వైరు బానెట్ కింది నుంచి దిగి, ఛాసిస్ దూలం పక్కనుంచి పోయి ఆ డబ్బాలో చేరుతుంది. మహారాష్ట్ర వైపు ఏదో ఊరిలో చేయించాడట. పని నీటుగా ఉంది. నల్ల పైపు తొడిగి, క్లిప్పులు కొట్టి, వేలాడకుండా లాగారు. నేనైనా అట్లే లాగేవాణ్ణి.

బానెట్ తీసి చూస్తే ఫ్యూజు తెగి ఉంది. ఎప్పుడెప్పుడు తెగిందని అడిగాను. ఊరి నుంచి బయలుదేరాక వాగు మీద కల్వర్టు ఎక్కినప్పుడు ఒకసారి పోయిందట. తన దగ్గర ఉన్నది వేసుకున్నాడట. ఇక్కడ లైను కదిలినప్పుడు మళ్లీ పోయిందట. నేను కొత్తది వేశాను. పాట పెట్టించి శబ్దం పెంచమన్నాను. బానెట్ కింద వైరును ఊపి చూశాను, డబ్బా దగ్గర ఊపి చూశాను, కింద పడుకుని చెయ్యి అందిన మేర నొక్కి చూశాను. ఫ్యూజు పోలేదు. నిలబడి ఉన్నప్పుడు పోని ఫ్యూజు కదిలినప్పుడే పోతుంటే, ఎక్కడో ఏదో వైరును లాగుతోందని అర్థం. ఎక్కడో మాత్రం దొరకలేదు. అంతలో లైను కదిలింది. పోచన్న బండి ముందుకు పోయింది. నాలుగు బండ్ల దూరం పోయేసరికి పాట ఆగిపోయింది.

పోచన్న నడుచుకుంటూ వచ్చాడు.

"కాకా, గీ ఫ్యూజ్ కథ నాకద్దు. డైరెక్ట్ ఇచ్చెయ్."

డైరెక్ట్ అంటే ఫ్యూజు లేకుండా వైరును నేరుగా బ్యాటరీకి కలపడం. నేను ఇవ్వనన్నాను. ఫ్యూజు పోతోందంటే వైరు ఏదో చెబుతోందని, పత్తి దింపే వరకు పాట బంద్ పెట్టుకుని ఖాళీ బండి తెస్తే వెతికి పెడతానని చెప్పాను.

"దుబాయ్ల గింత చిన్న పనికి ఇన్ని మాటలు చెప్పరు కాకా," అన్నాడు. "మీ కరీంనగర్ మిస్త్రీలు పని చెయ్యనీకే వస్తరా, ఫ్యూజులు అమ్ముకోనీకే వస్తరా?"

టీ బండి దగ్గరున్న వాళ్లు నవ్వారు. నేను ఇంకో ఫ్యూజు ఇవ్వలేదు, తనూ అడగలేదు. వెళ్లిపోయాడు.

నేను ఒక ట్రాక్టర్ డైనమో విప్పుకుని కూర్చున్నాను. ట్రాక్టరాయన ఎదురుగానే నిలబడి తొందర పెడుతున్నాడు. రోడ్డు అక్కడ కొంచెం వంకర తిరుగుతుంది. పోచన్న బండి ఆ మలుపు దాటి పోయి ఉంటుంది, నాకు కనబడటం లేదు. కొంతసేపటికి అటువైపు నుంచి పాట మొదలైంది. డప్పు దరువు మీద నడిచే పాట. బాక్సు మంచిదే, అంత దూరం నుంచి కూడా నేల అదురుతున్నట్టు వినబడుతోంది.

నేను డైనమో పట్టుకుని అట్లే ఉండిపోయాను. పోచన్న నా దగ్గర ఫ్యూజు తీసుకోలేదు. అతని దగ్గర ఉన్నది పొద్దున్నే అయిపోయింది. దగ్గరలో ఇంకో ఎలక్ట్రీషియన్ లేడు. మరి పాట ఎట్లా వస్తోంది?

ఫ్యూజు గూటిలో ఏదో ఇరికించి ఉంటాడు. చాలామంది డ్రైవర్లు చేసే పనే అది. సిగరెట్ డబ్బాలోని వెండి కాగితమో, రాగి పోగులో. అవి తెగవు. తెగవు కాబట్టే పెడతారు.

డైనమో బ్రష్షు పెడతాను, తీస్తాను, మళ్లీ పెడతాను. పాట వస్తూనే ఉంది. ఇంతలో లైను కదిలిన చప్పుడు, ఇంజన్లు ఒకటొకటిగా లేచిన చప్పుడు వినిపించాయి. అప్పుడు పాట ఒక్క క్షణం మింగినట్టు ఆగి మళ్లీ అందుకుంది. పాటను పాటగా వినేవాడికి అది తెలియదు. నాకు తెలిసింది. ఎర్ర వైరు ఇనుముకు తాకి, బ్యాటరీ బలం అక్కడ దిగిపోయి, ఆంప్లిఫయర్‌కు ఒక్క క్షణం అందకుండా పోయింది. ఫ్యూజు ఉంటే అక్కడే తెగి పాట ఆగేది. పాట ఆగలేదు. కొంచెం సేపటికి లైను మళ్లీ కదిలింది. పాట మళ్లీ మింగింది, మళ్లీ అందుకుంది.

పిలవని బండి మీద చెయ్యి పెట్టవద్దన్న మాట గుర్తుకు వచ్చింది. బల్ల వదలవద్దన్న మాట కూడా. లేచి కూర్చున్నాను, కూర్చుని లేచాను. ట్రాక్టరాయన సగం తెలుగు, సగం మరాఠీలో తిట్టడం మొదలుపెట్టాడు. ఆయన డైనమో విప్పింది విప్పినట్టే బల్ల మీద పెట్టి, కటింగ్ ప్లయర్ జేబులో వేసుకుని పాట వస్తున్న వైపు నడిచాను. వెనకనుంచి ఆయన మాటలు చాలా దూరం వినిపించాయి.

మలుపు దాటాక బండి కనబడింది. క్యాబిన్‌లో పోచన్న లేడు. ముందు నిలబడ్డ డ్రైవర్లతో నీడలో టీ తాగుతున్నాడు. పిలిచాను. పాట హోరుకు వినబడలేదు. పైన లచ్చవ్వ కొంగు తలమీద కప్పుకుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. అతన్ని పిలవమని ఆమెకు చెయ్యి ఊపాను. ఆమె అంచు వరకు జరిగి వంగింది.

"ముందుగల్ల గా పాట బంద్ చెయ్యి మిస్త్రీ," అంది. "పొద్దటి సంది నడుమంత అదురుతుంది. పైనుంచి గీ ఆరిన వత్తి వాసనొకటి. ఈ పోరడు దేవునికి ఏం ముట్టిచ్చిండో, ఇంక ఆరుతలే."

అక్కడి బండ్లలో స్టీరింగు ముందు చిన్న దేవుడి బొమ్మ పెట్టుకుంటారు. పొద్దున ఊదుబత్తి వెలిగించి బండి తీస్తారు. ఆమె ఆ వాసన అదే అనుకుంది. దీపం ఆర్పినప్పుడు వత్తి నుంచి ఒక వాసన వస్తుంది. వత్తి అంటే పత్తే కదా.

నేను ఇక ఆగలేదు. క్యాబిన్ తలుపు తీసి, బానెట్ లివర్ లాగి, ముందుకు వచ్చి బానెట్ లేపాను. ఫ్యూజు గూటిలో వెండి కాగితం మడతలు మడతలుగా కుక్కి ఉంది. గూటి ప్లాస్టిక్ మెత్తబడి వంగింది. ప్లయర్‌తో పట్టి లాగాను. పాట ఆగిపోయింది. లైను మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైనట్టు అనిపించింది. అప్పుడు పోచన్న చూశాడు.

గబగబా వచ్చి, నా బండి మీద చెయ్యి పెట్టమని నీకెవరు చెప్పారని నిలదీశాడు. అడిగింది న్యాయమే. మిగతా డ్రైవర్లు కూడా వచ్చారు. వాళ్లలో పెన్‌గంగ అవతలి ఒక మరాఠీ డ్రైవర్, "కాయ్ ఝాలం? ఏమైంది? పాట నచ్చలేదా మిస్త్రీకి? వేరేది పెట్టు," అన్నాడు. అందరూ నవ్వారు. నేను పోచన్నను ఒక్కటే అడిగాను.

"తమ్మీ, పొద్దుగాల ఊదుబత్తి ముట్టిచ్చినవా?"

"పత్తి ఎత్తినంక బండ్ల అగ్గి ముట్టియ్య కాకా. ఏ డ్రైవరు ముట్టియ్యడు. ఎందుకు?"

నేను పైకి చూపించి ఆమెను అడుగమన్నాను. లచ్చవ్వ మళ్లీ చెప్పింది. పొద్దటి నుంచి వస్తోందట, బండి కదిలినప్పుడల్లా కొంచెం ఎక్కువవుతోందట. పోచన్న ముఖం మారింది. మరాఠీ డ్రైవర్ తన చేతిలోని బీడీని కింద పడేసి చెప్పుతో నలిపాడు.

వాసన ఏ మూల నుంచి వస్తోందని ఆమెను అడిగాను. ముందు మూల చూపించింది. డ్రైవర్ వైపు, క్యాబిన్ వెనక. అక్కడ తాడు కిరకిరమంటోందని కూడా చెప్పింది.

నేను కింద పడుకుని చూశాను. అప్పుడు అర్థమైంది. పత్తి నింపేటప్పుడు చుట్టూ చెక్కలు నిలబెట్టి, తొక్కి తొక్కి బాడీ కంటే ఎత్తుగా లేపుతారు. పైన పట్టా కప్పి తాళ్లు వేస్తారు. తాడును బాడీ కొక్కేనికి కట్టాలి. కానీ పత్తి మెత్తన, దారిలో కుంగుతుంది, తాడు వదులవుతుంది. అందుకని ఊరి హమాలీలు ముందు తాడును కొక్కేనికి వేయకుండా ఛాసిస్ దూలం చుట్టూ తిప్పి, తాడు మధ్యలో కర్ర పెట్టి మెలి తిప్పుతారు. ఎంత తిప్పితే అంత బిగుస్తుంది. అది వాళ్ల పద్ధతి, వాళ్ల పనికి మంచి పద్ధతి. ఆ దూలం పక్కనే ఎర్ర వైరు పోతోంది. తాడు వైరును కూడా కలుపుకుని చుట్టుకుంది. బండి కదిలినప్పుడల్లా లోడు ఊగుతుంది, తాడు రంపంలాగా ఆడుతుంది. నల్ల పైపు తాడు కిందికి పోవడం నాకు కనబడింది. తాడు కింద ఏముందో కనబడలేదు. చెక్కల సందులోంచి జారిన పత్తి అక్కడ కుక్కుకుని, పైన లోడు దాకా ఉంది.

తాడు విప్పాలన్నాను. పోచన్న గేటు వైపు చూశాడు. ముందు కొన్ని బండ్లే ఉన్నాయి. విప్పితే ముందు చెక్క పడుతుంది, పత్తి రోడ్డు మీదకు జారుతుంది. బయట జారిన పత్తిని మార్కెట్ హమాలీలు ముట్టరు, వాళ్ల పని గేటు లోపలే. లైను పోతుంది. రేపు బంద్.

"ఫ్యూజు గూడు ఖాళీ చేసినవు కద కాకా," అన్నాడు పోచన్న. ఈసారి గొంతు తగ్గించి అడిగాడు. "ఇగ వైర్ల కరెంటే లేదు. లోపలికి పోయి దింపుకుంట చూస్తం. ఇయ్యాల అమ్మిపెడుత అని పెద్దవ్వకు మాటిచ్చిన."

అతను చెప్పిన దాంట్లో తప్పు లేదు. వైరులో కరెంటు లేదు, ఇక రవ్వ పుట్టదు. కానీ ఇంతకుముందే పుట్టిన రవ్వ పత్తిలో పడి ఉంటే ఫ్యూజు తీసినంత మాత్రాన అది ఆరదు. పడిందో లేదో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను, నాకు తెలియదు అని. లోపల అందరి కుప్పలు పక్కపక్కనే ఉంటాయి, ఇది అక్కడ బయటపడితే ఒక్క బండితో పోదు అని కూడా చెప్పాను. ఏమీ లేకపోతే ఆమె పత్తి నా వల్ల ఆగిపోతుంది. అది కూడా నాకు తెలుసు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి.

లచ్చవ్వ అప్పటికే వెనక చక్రం మీద కాలు పెట్టి దిగుతోంది. పోచన్న చెయ్యి అందిస్తే పట్టుకుని దిగింది. పట్టాను ఒకసారి చేత్తో తడిమింది.

"ఏరింది నేను. ఇప్పు," అంది.

నేను బ్యాటరీ మైనస్ మొగురు కూడా ఊడదీశాను. ఇక సెల్ఫు తిరగదు కాబట్టి బండిని నెట్టాలి. మరాఠీ డ్రైవర్, ఇంకొందరు వచ్చి భుజాలు పెట్టి రోడ్డు పక్క ఖాళీ జాగాలోకి నెట్టారు. మా చోటులోకి వెనక బండి వచ్చేసింది. కర్ర మెలి వదిలి తాడు విప్పుతుంటే ముందు చెక్క వాలి, పత్తి ఒక్కసారిగా కింద పరిచిన పట్టా మీదికి జారింది. తెల్లగా ఉంది. ఎక్కడా ఏమీ లేదు. పోచన్న నా వైపు చూశాడు.

లచ్చవ్వ ఆ మూల దగ్గర కూర్చుని చేతులతో పత్తి లాగడం మొదలుపెట్టింది. లాగి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, పక్కన వేస్తుంది, మళ్లీ లాగుతుంది. తెల్లది, తెల్లది, తరువాత కొంచెం గోధుమ రంగు, తరువాత నల్లది. ఆ నల్ల ముద్దను లాగేసరికి గాలి తగిలింది. నడుమ ఎర్రగా పోగు పోగుగా కదిలింది. మంట లేదు. ఎర్రగా పాకుతోంది.

ఆమె అరవలేదు. దాన్ని అట్లే ఒడిసి పట్టి రోడ్డు మీదికి విసిరింది. పోచన్న తొక్కాడు. అక్కడి టీ కొట్టు నుంచి బకెట్ నీళ్లు తెచ్చారు. ఆమె లాగుతూనే ఉంది. చేతికి మళ్లీ తెల్ల పత్తి, వాసన లేని పత్తి వచ్చేదాకా లాగింది. కాలింది రెండు దోసిళ్లంతే. ఆమె అరచేయి ఎర్రబడి పొక్కింది. నీళ్లలో ముంచితే చాలంది.

నేను కింద దూరి వైరును కోసి బయటికి తీశాను. పైపు తెగి, ఎర్ర తోలు ఊడి, రాగి మెరుస్తోంది. ఛాసిస్ అంచు మీద కాలిన మచ్చ. పోచన్న ఆ వైరు ముక్కను చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. అంత దూరంలో బల్ల దగ్గరున్న నాకు ఎట్లా తెలిసిందని అడిగాడు. లైను కదిలినప్పుడల్లా పాట మింగినట్టు ఆగిందని చెప్పాను.

"నేను పాటనే ఇన్న కాకా," అన్నాడు. "గది ఆగుడు ఇన్లే."

ఆ రోజు గేటు మూసేసరికి లచ్చవ్వ పత్తి బయటే ఉంది. పోచన్న, ఆమె కలిసి జారిన పత్తిని పట్టాల మీద కుప్ప చేశారు. మరాఠీ డ్రైవర్ తన బండి దింపి ఖాళీగా వచ్చి, పోతూ పోతూ తన దగ్గరున్న ఒక పట్టా ఇచ్చిపోయాడు. ఆదివారం అంతా వాళ్లు అక్కడే ఉన్నారు. నేను అటు పోయినప్పుడు లచ్చవ్వ కుప్ప పక్కన కూర్చుని పోచన్నతో అంటోంది, "ఇప్పుడు పెట్టుకోరాదు బిడ్డ పాట. లైను లేదు, తొందర లేదు." అతను తల వంచుకుని నవ్వాడు. సోమవారం పత్తి పోయింది. ఏం ధర పలికిందో నేను అడగలేదు.

ట్రాక్టరాయన అప్పటికే మా ఉస్తాద్‌కు ఫోన్ చేసి ఉన్నాడు. ఉస్తాద్ నన్ను బాగా తిట్టాడు. నేను జరిగింది చెప్పాను. తరువాత వైరు ఎటు నుంచి పోయిందని అడిగాడు. చెప్పాను. మనమూ అట్లనే లాగుతున్నం కదా అన్నాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు.

వారం తరువాత పోచన్న ఖాళీ బండి తెచ్చాడు. వైరును బానెట్ వెనక గోడలోంచి, రబ్బరు రింగు వేసి క్యాబిన్ లోపలికి తీసుకున్నాను. మ్యాటు కింద నుంచి సీటు కిందికి. ఆంప్లిఫయర్ అక్కడే బిగించాను, చిన్న బాక్సు పెట్టాను. బ్యాటరీ దగ్గర కొత్త గూడు, కొత్త ఫ్యూజు. బయటికి శబ్దం సరిగా రావడం లేదని పోచన్న అన్నాడు. రాదు అన్నాను. బండి తీసుకుని పోయాడు.

ఈ సంగతి నుంచి నేను పనిలో రెండు నేర్చుకున్నాను. ఫ్యూజు పాటల పెట్టె కోసం పెట్టేది కాదు, వైరు కోసం పెట్టేది. ఇది ముందే తెలుసు, కానీ అడిగినవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ఆ తరువాతే వచ్చింది. రెండోది ముందు తెలియదు. మా షాపుకు బండ్లు ఎప్పుడూ ఖాళీగానే వస్తాయి. ఖాళీ బండిని చూసి, ఎటు నుంచి పోతే నీటుగా ఉంటుందో అటు లాగేవాళ్లం. ఆ తరువాత ఏ లోడు బండి వచ్చినా, ప్లయర్ తీసే ముందు దీనికి తాడు ఎక్కడ కడతారని అడిగేవాణ్ణి. డ్రైవర్‌కు తెలియకపోతే, కట్టేవాళ్లను అడిగి రమ్మని తిప్పి పంపేవాణ్ణి. కొందరు విసుక్కుని వేరే షాపుకు పోయారు. పని మానేసే రోజు వరకు ఆ ప్రశ్న అడగకుండా నేను ఏ లోడు బండికీ వైరు లాగలేదు.